తల వంచని బెగ్గురు

లవణద్వీపంలో ఏడాదికొకసారి జరిగే పక్షిసంతకు అది రెండో రోజు. ఉదయపు ఎండ ఉప్పుమడుల మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది. ఆ వెలుగులో వరసగా పట్టు పందిళ్ళు. పందిళ్ళ కింద మరకతాల రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్న మహామయూరాలు, గోరొక్కటి కొడవలంత పొడవున్న అగ్నిశకుంతాలు, పాలనురుగు రంగులో మిలమిలలాడే శ్వేతహంసలు. ప్రతి పక్షి వీపు మీదా మనిషి కూర్చోవడానికి జీను, ముక్కుకు పగ్గం, మెడలో మువ్వలు. సాంబ్రాణి పొగ, చేపల కంపు, వర్తకుల కేకలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి.

ఆ వైభవం మధ్య నడుస్తున్న ఎర్రమన్నకు అయిదు శవాలు తప్ప మరేమీ గుర్తుకు రావడం లేదు.

అతను కంకణగిరి రాజ్యపు గగనదళానికి ఒజ్జ, అంటే కొత్తవాళ్ళకు పక్షి మీద ఎగరడం నేర్పే గురువు. గగనదళం అన్న మాట వినడానికి గంభీరంగానే ఉంటుంది. ఆ దళంలో ఉన్నవి అయిదు గండభేరుండాలు, వాటిని ఎక్కి దిగగలిగిన రౌతులు ముగ్గురు. గండభేరుండం రెండు తలల యుద్ధపక్షి. ఒక తల రౌతు మాట వింటుంది, రెండో తల రౌతు తప్పు కోసం కాచుకుని ఉంటుంది. తప్పు దొరికిన మరుక్షణం వీపు మీది మనిషిని విదిలించి పారేస్తుంది.

నేర్పడానికి వేరే పక్షులు కావాలని ఎర్రమన్న మూడేళ్ళు కొలువులో మొత్తుకున్నాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. నిరుడు ఏడుగురు కొత్తవాళ్ళను నేరుగా గండభేరుండాల మీదకే ఎక్కించమన్నారు. ఎక్కించాడు. అయిదుగురు లోయలో పడ్డారు. వాళ్ళను వెతికి, కంబళ్ళలో చుట్టి, ఇంటింటికీ మోసుకెళ్ళి అప్పగించింది కూడా అతనే. అయిదో ఇంట్లో చనిపోయినవాడి చెల్లెలు కువల ఏడవలేదు. వాకిట్లోకి వచ్చి, "మా అన్న ఎక్కడ తప్పు చేశాడో నాకు నేర్పండి ఒజ్జగారూ," అంది. ఇక మీదట ఎవరి శవం కోసమూ లోయలోకి దిగే పని రానివ్వనని ఎర్రమన్న ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ ఏడాది దళంలో చేరినవాళ్ళు పన్నెండుగురు. వాళ్ళలో కువల ఒకతె. పొరుగున ఉన్న ఉగ్రకోట వాళ్ళు నలభై యుద్ధపక్షులను సిద్ధం చేసుకుని, గాలి తిరగడం కోసం చూస్తున్నారని వేగులు వచ్చి చెప్పాక రాజుగారికి మెలకువ వచ్చింది. నేర్చుకోవడానికి తగిన పక్షులను పన్నెండింటిని ఎంచి తెమ్మని ఎర్రమన్ననూ, మంత్రి సుబుద్ధినీ సంతకు పంపాడు. ఉగ్రకోట గూఢచారులు సంతలో తిరుగుతూ ఉంటారు గనుక ఎర్రమన్న మిరియాల వర్తకుడి వేషం వేసి, మొహానికి గడ్డం అతికించుకున్నాడు. సుబుద్ధి మాత్రం వేషానికి ఒప్పుకోలేదు. మారువేషంలో ఉంటే తనకు ఎవరూ దండం పెట్టరట.

ముందుగా ఎర్రమన్న అగ్నిశకుంతం ఎక్కాడు. పైకి వెళ్ళాక కొత్తవాడు చేసే తప్పు ఒకటి కావాలనే చేశాడు, మలుపులో ఉన్నప్పుడు పగ్గం గట్టిగా లాగాడు. పక్షి అరవలేదు, అదరలేదు. ఉన్నట్టుండి తలకిందులైంది. అతను రికాబు పట్టుకుని వేలాడుతూ, ఒకసారి గాయపడి సగం పనికిరాకుండా పోయిన ఎడమచెయ్యి పీకేస్తుంటే పళ్ళ బిగువున ఓర్చుకుని, ఎలాగో నేలమీద పడ్డాడు.

"ఎలా ఉందయ్యా మా పక్షి?" అన్నాడు అమ్మేవాడు.

"బావుంది. మీ శత్రువులకు అమ్ముకో," అని దుమ్ము దులుపుకుని ముందుకు నడిచాడు.

శ్వేతహంసల పందిట్లో తెల్లని పట్టుబట్టలు కట్టుకున్న వర్తకుడు కూర్చుని ఉన్నాడు. పేరు శంఖపాలుడు. నడుముకు వెండి కట్టు వేసిన శంఖం వేలాడుతోంది. ఎర్రమన్నను చూసి అతను చిటిక వేశాడు. ఏనుగు పిల్లంత హంస హుందాగా అడుగులు వేస్తూ వచ్చి, పొడవాటి మెడ వంచి, తలను ఎర్రమన్న పాదాల మీద ఆనించింది.

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఎర్రమన్న చటుక్కున పాదాలు వెనక్కి తీసుకున్నాడు. కంకణగిరిలో తాతల నాటి ఆచారం ఒకటుంది. ఏ పక్షినైనా దళంలో చేర్చుకునే ముందు రాజు ఎదుట నిలబెడతారు. అది రాజు పాదాల మీద తల ఆనిస్తే చేర్చుకుంటారు, లేదంటే వెనక్కి తోలేస్తారు. అంతకు మించిన పరీక్ష ఇంకోటి లేదు. ఎగరడం ఎలా ఉందని అడిగినవాడూ లేడు. అయిదుగురిని పొట్టన పెట్టుకున్న గండభేరుండాలు కూడా ఆ పరీక్షలో నెగ్గినవే.

"ఇంత వినయం మీరు ఇంకే పక్షిలోనూ చూసి ఉండరు," అన్నాడు శంఖపాలుడు చల్లగా.

"వినయం సరే. ఎగరనీ, చూద్దాం," అని ఎర్రమన్న జీను ఎక్కాడు.

హంస ఎగిరింది. ఎగిరినట్టు కూడా తెలియలేదు. ఎర్రమన్న పగ్గం గట్టిగా లాగాడు, హంస మెత్తగా మలుపు తిరిగింది. అసలు లాగలేదు, అయినా మెత్తగానే తిరిగింది. జీను మీద ఒక పక్కకు ఒరిగిపోయి కూర్చున్నాడు, హంస తనే సర్దుకుంది. ఎన్ని తప్పులు చేసినా అన్నీ ఒప్పులే అవుతున్నాయి. దీని మీద నెల రోజులు తిరిగిన పిల్ల తనకు అంతా వచ్చేసిందనుకుంటుంది. ఆ తర్వాత గండభేరుండం ఎక్కుతుంది. ఆ తర్వాత తను కంబళి తీసుకుని లోయలోకి దిగాలి.

ఇంకాసేపటికి అతనికి మరో సంగతి తట్టింది. హంస తన తప్పును దిద్దడం లేదు. తను తప్పు చేయకముందే దిద్దేస్తోంది. పగ్గం ఇంకెవరి చేతిలోనో ఉన్నట్టుంది. మెడ మొదట్లో ఈకలు తప్పించి చూశాడు. అక్కడ నల్లదారం, దారానికి చిన్న ఎముక ముక్క ముడివేసి ఉంది. కిందికి చూస్తే పందిరి ముందు నిలబడిన శంఖపాలుడి పదివేళ్ళూ తోలుబొమ్మలాడించేవాడి వేళ్ళలా కదులుతున్నాయి.

ఎర్రమన్న మొలలోని కత్తి తీసి దారాన్ని కోశాడు.

కోయకుండా ఉండాల్సింది. హంస గాఢనిద్రలోంచి లేచినదానిలా ఒక్కసారి కళ్ళు విప్పి, తను ఆకాశంలో ఉన్నానని చూసి, గొంతు చించుకుని అరిచింది. పుట్టిన దగ్గర్నుంచీ ఒకరు ఆడిస్తే ఆడిన రెక్కలు, వాటితో ఏం చెయ్యాలో దానికి తెలియలేదు. రాయిలా కిందికి జారింది. ఉప్పునీటి మడుగు పైకి లేచి వచ్చి ఎర్రమన్నను మింగేసింది.

*

కళ్ళు తెరిచేసరికి చూరులోంచి ఎండ పడుతోంది. మరుసటి రోజు ఉదయమని తర్వాత తెలిసింది. ఎదురుగా ముడతలు పడ్డ మొహం ఒకటి అతన్ని పరీక్షగా చూస్తోంది.

"గడ్డం మడుగులో కొట్టుకుపోయింది నాయనా. నీది కాదులే, అతికించుకున్నది," అంది ఆ ముసలామె. ఆమె పేరు సాలమ్మ. సంత చివర, పందిరి కూడా లేని చోట పక్షులు అమ్ముకుంటుంది. మడుగులోంచి అతన్ని లాగింది ఆమె పక్షే.

"హంస ఏమైంది అవ్వా?"

"మునిగిపోయింది. నోరులేని జీవం, దాని తప్పేవుంది." ఆమె గంజి ముంత అతని చేతికిచ్చింది. "ఆ తెల్లబట్టలోడు నువ్వు చచ్చావనుకున్నాడు. తాగేసి పడ్డాడని అందరికీ చెప్పాడు. మీ మంత్రిగారే గావాల, పాగా పెట్టుకున్నాయన, అవునవును అని తలూపి, నిన్న మద్దేనవే పన్నెండు హంసల్నీ తోలుకుని పోయాడు. తెల్లబట్టలోడు కూడా ఆయనెంటే పోయాడు."

ఎర్రమన్న లేవబోయి తూలిపడ్డాడు. మరో రెండు రోజుల్లో కంకణగిరిలో పక్షులను రాజు ఎదుట నిలబెట్టే తలవంపు వేడుక. ముహూర్తం ముందే పెట్టేశారు.

గుడిసె బయట సాలమ్మ పక్షులు నిలబడి ఉన్నాయి. బెగ్గురు కొంగలు. కంచరగాడిదంత ఎత్తు, బూడిద రంగు ఒళ్ళు, ఈకలు రాలిపోయిన ఎర్రని తల, గడకర్రల్లాంటి కాళ్ళు. అందంగా ఉన్నాయని కన్నతల్లి కూడా అనదు. ఒక్కోదాని మీద ముందొకటి, వెనకొకటి రెండేసి జీనులు, రెండేసి పగ్గాలు.

"రెండు జీనులెందుకు?"

"నేర్చుకునేవోడు ముందు, నేర్పేవోడు ఎనక. మా ఆయన సముద్రం మీద వలేసేవోళ్ళకి వీటి మీదే నేర్పేవోడు. ఇప్పుడెవరిక్కావాలి. అందరికీ తెల్లవి కావాలి."

ఎర్రమన్న వెంటనే ఎక్కాడు. పైకి లేచాక మలుపులో పగ్గం గట్టిగా లాగాడు. బెగ్గురు ఊళ్ళో వాళ్ళందరికీ వినపడేలా కీచుమని అరిచి, ఒళ్ళంతా గడగడలాడించింది. అతను పగ్గం వదలలేదు. మరోసారి అరిచింది, ఈసారి ఇంకా గట్టిగా, పళ్ళు కదిలేంతగా ఊపింది. అయినా వదలలేదు. అప్పుడు గాని అది ముక్కు కిందికి దించి జారడం మొదలుపెట్టలేదు. పగ్గం వదిలేశాడు. వదిలిన మరుక్షణం రెక్కలు సర్దుకుని, ఏమీ జరగనట్టు ఎగరసాగింది.

ఎర్రమన్న ఇంకో తప్పు చేశాడు, ఇంకోటి చేశాడు. ప్రతిదానికీ ఒక అరుపు, ఒక కుదుపు, ఆ తర్వాత క్షమ. నిరుడు ఆ ఏడుగురి కింద ఈ పక్షి ఉండి ఉంటే అయిదుగురి గొంతులూ ఇవాళ వినపడుతూ ఉండేవి. ఆ సంగతి అర్థమయ్యాక అతను జీను మీదే కూర్చుని, ఎవరూ చూడని ఎత్తున వెక్కివెక్కి ఏడ్చాడు.

కిందికి దిగి, "ఇది తల వంచుతుందా అవ్వా?" అని అడిగాడు.

"ఎవరికి?"

"రాజుగారికి."

సాలమ్మ అతని వైపు జాలిగా చూసింది. "దాని మెడ అట్టా వంగదు నాయనా. ఏ దేవుడికీ వంగదు. తీసుకుపోయి చూపించు. మీ రాజుకి కళ్ళుంటే మిగతావి కూడా పంపుతాను. లేకపోతే నా పక్షిని నాకు తోలేయ్."

*

కంకణగిరి కోట ముందు ఆ ఉదయం ఇంద్రుడి కొలువు దిగివచ్చినట్టుంది. ఏడంతస్తుల ముత్యాల గొడుగు కింద కీర్తిధర మహారాజు, ఎడమ పక్కన మంత్రి సుబుద్ధి, కుడిపక్కన గౌరవాసనం మీద శంఖపాలుడు. మెట్ల మీద ఎర్రతివాచీ, తివాచీ పొడవునా పన్నెండు శ్వేతహంసలు. మంగళవాద్యాలు మోగుతుండగా ఒక్కొక్క హంసా వచ్చి రాజు పాదాల మీద తల ఆనిస్తుంటే, మేడల మీద నుంచి పూలు కురుస్తున్నాయి. పన్నెండోది తల ఎత్తిన క్షణానే ఆకాశంలో ఒక కీచురాగం వినపడింది. రెండు రోజులు నిద్రాహారాలు లేకుండా ఎగిరివచ్చిన ఎర్రమన్న బెగ్గురుతో సహా తివాచీ మధ్యలో దిగాడు.

సుబుద్ధి మొహం పాలిపోయింది. శంఖపాలుడి మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"ప్రభూ, ఆ హంసలను ఎవరినీ ఎక్కనివ్వకండి," అన్నాడు ఎర్రమన్న రొప్పుతూ. "వాటిని ఎగరేసేది వీపు మీద కూర్చున్నవాడు కాదు. ఈ వర్తకుడు. మెడ కింద నల్లదారం ఉంది, చూడండి."

సభలో మెడలన్నీ హంసల వైపు తిరిగాయి. శంఖపాలుడు నెమ్మదిగా లేచి, దగ్గరున్న హంస మెడ మీది ఈకలు తనే తప్పించి చూపించాడు.

"నిజమే మహారాజా. దిష్టితాడు. ఇంత అందమైన పక్షులు, నలుగురి కళ్ళూ పడతాయి. పసిబిడ్డలకు మీరు కట్టరా?"

అంతే. సభ సభంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. రాణివాసంలోని ఆడవాళ్ళు తలలూపారు. రాజుగారి సొంత ముంజేతికే నల్లతాడు ఉంది.

"కోయించి చూడండి ప్రభూ. ఒక్కదానిది కోయించండి, చాలు."

"శుభమా అని వేడుక చేసుకుంటుంటే దిష్టితాడు కోయమంటావా?" అన్నాడు సుబుద్ధి. "సంతలో తాగి పక్షి మీద నుంచి పడ్డావు. ఆ పరువు తక్కువ కప్పిపుచ్చుకోవడానికి ఈ కథంతా అల్లుకొచ్చావు. మహారాజా, ఇతను మూడేళ్ళుగా వంకలు పెట్టడం తప్ప చేసిందేమీ లేదు."

ఎర్రమన్న అతని కళ్ళలోకి చూశాడు. అక్కడ కుట్ర లేదు, లంచం తిన్న బెరుకు లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. ద్రోహి అయినా బాగుండేది, తను చేస్తున్నదేమిటో తనకైనా తెలిసి ఉండేది.

కీర్తిధరుడు చెడ్డవాడు కాదు. బూడిదరంగు పక్షిని ఎగాదిగా చూసి, "నువ్వు ఎంచి తెచ్చింది ఇదా ఎర్రమన్నా? సరే. ముందు దీన్ని తల వంచమను. వంచితే నీ మాట కూడా వింటాను," అన్నాడు దయగా.

బెగ్గురు రాజుగారిని ఒక కంటితో చూసింది. ఒంటికాలు ఎత్తి చెవి దగ్గర గోక్కుంది. ఆ తర్వాత తోక ఎత్తి ఎర్రతివాచీ మీద తెల్లగా రెట్ట వేసింది.

మేడల మీద నవ్వులు మోగాయి. రాజు కూడా నవ్వు ఆపుకోలేక మీసం చాటున దాచుకున్నాడు. "దీన్ని పక్కకు కట్టెయ్యండి. శిష్యులను ఎక్కమనండి," అని చెయ్యి ఊపాడు.

పన్నెండుగురూ కొత్త కవచాలు తొడుక్కుని వచ్చారు. అందరికంటే చివరన కువల. హంస ఎక్కబోతూ ఎర్రమన్న దగ్గర ఆగింది.

"ఒజ్జగారూ, నిన్న సాయంత్రం దీన్ని ఒకసారి ఎక్కించారు. దీని మీద నాకు భయం వెయ్యలేదు. నిరుటి నుంచీ మొదటిసారి."

"భయం లేకపోవడమే నన్ను భయపెడుతోందమ్మా. వద్దు, ఆగిపో."

"రాజుగారి ఆజ్ఞ కదండీ," అంది ఆమె నేలచూపులు చూస్తూ.

నిరుడు ఎర్రమన్న కూడా సరిగ్గా ఆ మాటే అనుకుని ఏడుగురిని ఎక్కించాడు. "జీనుకత్తి మొలలో ఉందా?" అని మాత్రం అడిగాడు. పక్షి మీద నుంచి జారినప్పుడు తోలుపట్టీ కోసుకోవడానికి దళంలో ప్రతివాళ్ళూ దాచుకునే చిన్న కత్తి అది.

"ఉందండి."

"అందరికీ ఉన్నాయా?"

"అందరికీ ఉన్నాయి."

"మంచిది. పో."

*

పన్నెండు హంసలు ఒక్కసారిగా లేచాయి. నీలాకాశంలో మల్లెదండ విసిరినట్టు కోట చుట్టూ మొదటి ప్రదక్షిణ చేశాయి. ఒక రెక్కకూ ఇంకో రెక్కకూ జానెడు తేడా లేదు. నిన్నగాక మొన్న దళంలో చేరిన పిల్లలు ఇంత పొందికగా ఎగురుతుంటే జనం ఉప్పొంగిపోయారు. కీర్తిధరుడు సింహాసనం మీద నుంచి లేచి నిలబడ్డాడు. సుబుద్ధి కళ్ళు చెమర్చాయి.

రెండో ప్రదక్షిణ ముగిసింది. అప్పుడు శంఖపాలుడు తీరిగ్గా లేచి, నడుము నుంచి శంఖం విప్పి, ఊదాడు.

ఆ ధ్వనికి కోటగోడల మీది పావురాలు రాలిపడ్డాయి. శంఖం ఊదినవాడి తెల్లబట్టలు పొగలా చెదిరి, ఆ పొగ గిరగిరా తిరిగి, మసిరంగు గద్ద ఒకటి అందులోంచి ఎగిరింది. ఉగ్రకోట ఉన్న ఈశాన్యపు దిక్కుకు ముక్కు పెట్టి సాగిపోయింది. మూడో ప్రదక్షిణలో ఉన్న హంసల్లో ముందున్నది దాని వెంట తిరిగింది, తర్వాత రెండోది, మూడోది.

జనం చప్పట్లు కొట్టారు. వేడుకలో అది కూడా ఒక ఇంద్రజాలమని అనుకున్నారు.

ఎర్రమన్న అప్పటికే కట్టుతాడు కోసి బెగ్గురు ఎక్కేశాడు. హంసల వేగం దానికి లేదని అతనికి తెలుసు. మలుపు పూర్తిచేయని హంసలు ఇంకా కోట అవతలి పక్కన ఉన్నాయి. వాటి వెంటపడకుండా బురుజుల మీదుగా అడ్డంగా కోసుకుని వెళ్ళాడు. పైనుంచి చూస్తే పన్నెండుగురూ పగ్గాలు లాగుతున్నారు, గుంజుతున్నారు, కాళ్ళతో పొడుస్తున్నారు. హంసలు ఎంత మెత్తగా ఎగరాలో అంత మెత్తగానే ఎగురుతున్నాయి. అందరికంటే చివరి హంస మీద కువల మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఒజ్జగారూ, ఇది నా మాట వినడం లేదు," అని అరిచింది.

"ఎప్పుడూ వినలేదమ్మా. బెగ్గురు కాళ్ళు పట్టుకుని పైకి రా. కిందికి చూడకు."

బెగ్గురు గడకర్రల్లాంటి కాళ్ళు రెండూ జారవిడిచింది. కువల జీను మీద నిలబడింది. గాలి ఆమెను ఒకసారి తోసింది, రెండోసారి తోసింది. మూడోసారి ఆమె ఎగిరి కాలు అందుకుని, పాకుకుంటూ వచ్చి ముందు జీను మీద పడింది. కింద హంస వీపు మీద ఎవరూ లేకపోయినా వరస తప్పకుండా అలాగే ఎగురుతోంది. రౌతు ఉన్నా లేనట్టే ఎగిరే పక్షికి రౌతు లేకపోతే లోటేమిటి.

"పగ్గం అందుకో," అన్నాడు ఎర్రమన్న వెనక జీను నుంచి.

ఆమె అందుకుని, భయంతో గట్టిగా లాగింది. బెగ్గురు కీచుమని అరిచి, ఇద్దరినీ గడగడలాడించింది.

"విన్నావా? తప్పు చేస్తే అలా చెబుతుంది. వదులు."

వదిలింది. పక్షి సర్దుకుంది. కువల మరోసారి లాగింది, కొంచెం నెమ్మదిగా. ఈసారి అరుపు లేదు. పక్షి కొంచెం ఎడమకు ఒరిగింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"మా అన్నకు ఇలా చెప్పే పక్షి ఒక్కటి లేకపోయింది కదండీ," అంది.

"లేదు," అన్నాడు ఎర్రమన్న. "అడిగాను. గట్టిగా అడగలేదు."

చివరి హంస కూడా బెగ్గురు కిందినుంచి అప్పుడే ముందుకు జారిపోతోంది. కాసేపుంటే ఇక అందవు. బెగ్గురు మోసేది ఇద్దరినే. ముందు పదకొండుగురు ఉన్నారు. ఉగ్రకోట చేరితే వాళ్ళు తిరిగిరారు. భయపడి దారాలు తెంపుకుంటే కొండల మీద పడి ముక్కలవుతారు. దారం తెంపినా బతకగలిగే చోటు దారిలో ఒక్కటే ఉంది, రెండు ఏర్లు కలిసినంత వెడల్పుగా పారే నీలవేణి నది. దాని మీదికి వచ్చాక, నీళ్ళకు దగ్గరగా ఉన్నప్పుడు, ఒక్కసారిగా కోయాలి. ఆ సంగతి వాళ్ళకు చెప్పాలంటే వాళ్ళతోపాటు ఎగరాలి.

ఎర్రమన్న వెనక పగ్గాన్ని జీనుకు కట్టేశాడు.

"కువలా, నువ్వు వెనక్కి తిప్పు. కోటలో దిగి, గండభేరుండాల రౌతులు ముగ్గురినీ నీలవేణి ఒడ్డుకు పంపమను."

"మీరో?"

"ఖాళీ జీను ఒకటి ఉంది కదా కింద."

అర్థమయ్యేసరికి ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది. "నాకు దీన్ని దించడం రాదు ఒజ్జగారూ. ఇప్పుడే కదా పట్టుకున్నాను."

"తప్పులు చేస్తావు. చెయ్యి. అది అరుస్తుంది, నువ్వు వదులు. అంతకంటే నేర్పాల్సింది నా దగ్గరా లేదు." అతను అప్పటికే జీను అంచు మీదికి జరిగాడు. "రాజుగారు అడిగితే చెప్పు, ఈ పక్షి తల వంచదని. ఎక్కినవాళ్ళను మాత్రం ఇంటికి చేరుస్తుందని."

బెగ్గురు కాలు పట్టుకుని దిగాడు. ఎడమచెయ్యి సగంలో పట్టు తప్పింది. కుడిచేతి మీదే వేలాడి, గాలికి ఊగి, లెక్క చూసుకుని వదిలేశాడు. హంస వీపు మీద బోర్లాపడ్డాడు. అది ఉలకలేదు, పలకలేదు. తన మీద మనిషి పడ్డ సంగతి కూడా దానికి తెలియదు.

"ఒజ్జగారు వచ్చారు," అన్న కేక ముందు వరుసల దాకా పాకింది. పదకొండు మొహాలు వెనక్కి తిరిగాయి. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపారు. ఒజ్జ వస్తే చాలు, బతికిపోతామన్న నమ్మకం ఆ చూపుల్లో ఉంది. నిరుటివాళ్ళు కూడా సరిగ్గా అలాగే చూశారు.

"పగ్గాలు వదిలేయండి," అని అరిచాడు. "అవి ఉత్త అలంకారాలు. జీనుకత్తులు తీయండి. మెడ మొదట్లో నల్లదారం చూసుకోండి. నేను చెయ్యి దించేదాకా ఎవరూ కోయకూడదు. కోశాక పక్షిని నమ్మకండి, కాళ్ళు విడిపించుకుని నీళ్ళలోకి దూకండి."

చాలాముందు ఎగురుతున్న మసిరంగు గద్ద తల తిప్పి చూసింది. ఒక్క కేక వేసి, పైకి లేవసాగింది. దాంతోపాటు హంసలన్నీ పైకి లేవడం మొదలుపెట్టాయి. దూరాన నీలవేణి వెండితీగలా కనిపించింది. ఆ తీగ అవతలి ఒడ్డు మీద నల్లని చుక్కలు లేస్తున్నాయి, పది, ఇరవై, నలభై. ఉగ్రకోట యుద్ధపక్షులు ఎదురు వస్తున్నాయి.

వెనక ఎక్కడో కంకణగిరిలో ఇంకా మంగళవాద్యాలు మోగుతున్నాయి. గాలికి కొట్టుకొచ్చిన బంతిరేకు ఒకటి అతని మోచేతికి అతుక్కుంది. దులుపుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు.

ఆ వాద్యాలను చీల్చుకుంటూ ఒక కీచు అరుపు వినపడింది. కాసేపాగి ఇంకోటి. బూడిదరంగు చుక్క ఒకటి కోటవైపు వంకరటింకరగా పోతోంది. కువల తప్పు మీద తప్పు చేస్తోంది. ఆ అరుపు వినపడుతున్నంతసేపూ ఆమె జీను మీదే ఉన్నట్టు. ఎర్రమన్న చెవులు రిక్కించి ఇంకొక్క అరుపు విని, ఇక వెనక్కి చూడకుండా, నది మొదటి మెరుపు కిందికి రాగానే కుడిచెయ్యి పైకెత్తాడు.

పదకొండు కత్తులు ఆ చేతివంకే చూస్తూ ఆగాయి. నీళ్ళు కింద అంతకంతకూ దూరమవుతున్నాయి.